పర్ర వడ్లలో నేను ఏరిన కేళీలు

ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నాకు పేరు తెచ్చిపెట్టిన పని ఒక్కటే, కేళీలు ఏరడం. విత్తనం కోసం పెంచే వరి చేలో వేరే రకం మొక్క తలెత్తితే దాన్ని కేళీ అంటాం, బెరకు అని కూడా అంటాం. చేలోకి దిగి వాటిని వేళ్ళతో సహా పీకెయ్యాలి. నడుం పడిపోయే పని. నాకు మాత్రం అదంటే మహా సరదా. గట్టు మీద నిలబడి ఎకరం చేనంతా ఒక్కసారి కలియజూసి, "అదిగో అక్కడొకటి, ఆ కొంగ పక్కన ఇంకోటి" అని చెప్పేసేదాన్ని. మా వరి పరిశోధన కేంద్రంలో నన్ను వెనకాల కేళీల మేడం అని పిలుచుకునేవారు. తెలియనట్టే ఉండేదాన్ని గానీ లోపల మురిసిపోయేదాన్ని.

రిటైరయ్యాక కొవ్వూరులో ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మీ అనుభవాలు రాయండి మేడం, మాకు పనికొస్తాయి" అంటుంటారు. అనుభవం అంటే ఎంతో కొంత తెలిసొచ్చినది అయ్యుండాలి కదా. నేను రాయబోయేది నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి. చదివాక మీకేమైనా అర్థమైతే నాకు చెప్పండి, మీకు పుణ్యముంటుంది.

అప్పట్లో మా కేంద్రానికి ఒక పని అప్పగించారు. డెల్టాలో ఇంకా మిగిలి ఉన్న పాత వరి రకాలను వెతికి తెచ్చి, కేంద్రంలోనే చల్లటి గదిలో ఉండే విత్తన నిధిలో దాచాలి. ఎందుకంటే వానలు లెక్క తప్పాయి. ఊడ్పులప్పుడు చుక్క పడదు, తీరా కోతలకొచ్చాక తుఫాను. సముద్రం వైపు ఊళ్ళలో పోటు నీరు మురుగు కాలవల్లోంచి ఎగదన్ని చేలల్లో కూర్చుంటోంది. కొత్త రకాలు దిగుబడి బాగానే ఇస్తాయి గానీ ఆ ఉప్పునీళ్ళలో రోజుల తరబడి నిలబడమంటే నిలబడవు. అలాంటి చోట్ల తాతల నాటి వడ్లు ఎవరైనా పండిస్తుంటే, ఆ వడ్లలో ఏదో సత్తువ ఉన్నట్టే. అది పోతే మళ్ళీ పుట్టించలేం.

ఆ పని నాకిచ్చారు. తోడు మా ఫీల్డుమాన్. అతను మాట్లాడడం తక్కువ, చేను చూడడం ఎక్కువ. పైన మా పెద్దసారు, సైంటిస్టు. మంచి మనిషే గానీ బూట్లకి బురద అంటనిచ్చేవారు కాదు. ఆయనకు ఫారాలు పూర్తిగా నింపితే చాలు. ఫారంలో రకం పేరుకి ఒకటే గడి ఉంటుంది. ఆ ముందు ఏడాదే నేను పంపిన శాంపిలు ఒకటి "బెరకు ఉంది" అని తిరిగొచ్చింది. కేళీల మేడం పంపిన దాంట్లో బెరకు! స్టాఫ్ రూములో ఎవరూ ఏమీ అనలేదు, అయినా నాకు తల కొట్టేసినట్టయింది. ఇకమీదట నా చేతిమీదుగా ఒక్క కల్తీ గింజ కూడా పోకూడదని పంతం పట్టాను.

ఆ పంతంతోనే రామచంద్రపురం దాటి సముద్రం వైపు ఉన్న ఒక ఊరికి వెళ్ళాను. మురుగు కాలవ పక్కన రెండెకరాల పల్లపు చేను. దాని రైతుకి డెబ్బై దాకా ఉంటాయి. భార్య ఆయనకంటే చురుకు. ఆ చేలో వాళ్ళు పర్ర వడ్లు అని ఒక రకం పండిస్తున్నారు. ఆయన తాత చేతుల్లోంచి వస్తున్న విత్తనమట. పర్ర అంటే ఆ వైపు ఉప్పుదేలిన నేల. ఊళ్ళో మిగతా అందరూ ఎప్పుడో మానేశారు, వీళ్ళకే మిగిలింది.

"ఎంత నీరొచ్చినా సగం చేతికొస్తాదండి," అన్నాడు ఆయన. "అన్నం కాస్త ముతకనుకోండి. మాకు అలవాటైపోయింది."

కోతకి ఇంకో వారం ఉంది. చేను చూడగానే గట్టు మీదే ఆగిపోయాను. నడుమెత్తు పైరంతా మామూలు వెన్నులు. మధ్య మధ్య వాటికంటే జానెడు పొడుగ్గా ఎర్రటి వెన్నులు, గింజ గింజకీ చివర వెంట్రుకల్లాంటి మీసాలు. ఒకటీ రెండూ కాదు, చేనంతా.

"ఏంటండీ ఇన్ని బెరకులు?" అన్నాను.

"బెరకులు కాదండి, అవీ పర్ర వడ్లే," అంది ఆవిడ. "మా అత్తగారు ఏడు కుంచాల వాటికి ఒక కుంచం మీసాలవి కలిపి చల్లేవారండి. నేనూ అంతే చేత్తాను."

"ఎందుకు కలుపుతారు?"

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన చేను వంక చూశాడు. "ఎందుకంటే ఏం చెప్తామండి. కలుపుతామండి," అన్నాడు.

నాకు కావలసిన జవాబు అది కాదు. కారణం తెలియకుండా చేసే పనిని తప్పు అనుకునే చదువు మాది. రెండు రకాలు కలిసి ఉంటే ఫారంలో ఏ పేరు రాయను? ఏ ఎత్తు రాయను? గింజ రంగు అన్నచోట ఏం రాయను? ఇది పాత విత్తనమే గానీ పోనుపోను పాడైపోయిందనీ, శుభ్రం చేస్తే అసలు రకం బయటపడుతుందనీ తేల్చేశాను. మీసాలవి ఏరేద్దాం, కేంద్రానికి శుద్ధమైన విత్తనం ఇవ్వండి, వచ్చే వానాకాలం సార్వాకి మీరూ అదే చల్లుకోండి అని చెప్పాను. శుద్ధి చేస్తే దిగుబడి పెరుగుతుందని కూడా అన్నాను. ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు, నోటికొచ్చింది అనేశాను.

"వద్దండి," అంది ఆవిడ వెంటనే.

"మేడంగారు చదువుకున్నారే, మనకి తెలుస్తాదా," అన్నాడు ఆయన. నాతో మాత్రం, "ఆయ్, అలాగే కానివ్వండి," అన్నాడు. ఇంటికొచ్చిన ఆఫీసరు మాట కాదనడం ఆయనకి చేతకాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, తెలిసే వాడుకున్నాను.

గట్టు మీద మా ఫీల్డుమాన్ నా పక్కకి వచ్చి మెల్లిగా అన్నాడు. "మేడం, బెరకులైతే ఒకచోట గుంపుగా, ఒకచోట అసలు లేకుండా ఉంటాయండి. ఇవి చేనంతా సమానంగా ఉన్నాయి. కావాలని కలిపినట్టుందండి."

"కలిపామని వాళ్ళే చెప్తున్నారు కదయ్యా. నువ్వు కొత్తగా కనిపెట్టిందేంటి?" అని కసిరాను. అతను గట్టు మీదే నిలబడి చూస్తుండిపోయాడు. కావాలని కలిపారంటే దానికో కారణం ఉంటుందని అతను చెప్పబోయాడని నాకు చాలా కాలం తర్వాత తోచింది.

చీర కుచ్చిళ్ళు ఎగదోపి నేనే ముందు చేలోకి దిగాను. నలుగురు కూలి ఆడవాళ్ళని పిలిపించారు. పొద్దు వాలేదాకా పీకాం. ఆవిడ చేలోకి దిగలేదు. మేం పీకి గట్టున పడేసినవాటి వెన్నులు కోసి ఒళ్ళో వేసుకుంటూ కూర్చుంది. సాయంత్రం నేను వస్తుంటే అన్నవరం ప్రసాదం ఆకుదొన్నెలో పెట్టి చేతికిచ్చింది గానీ మాట్లాడలేదు. కోపంగా ఉన్నవాళ్ళ చేతి ప్రసాదం తినడం అదే మొదటిసారి.

శాంపిలు నిధికి వెళ్ళింది. ఈసారి తిరిగి రాలేదు. పెద్దసారు అందరి ముందూ, "శాంపిలంటే ఇలా ఉండాలి" అన్నారు. నా పంతం నెగ్గింది.

మరుసటి సార్వాకి ఆ రెండెకరాల్లోనూ శుద్ధమైన పర్ర వడ్లే ఊడ్చారు. ఆవిడ మాత్రం మేం పీకేసిన మీసాలవాటిని విడిగా దాచి, కాలవ వైపు మూలన చిన్న మడిలో వేసింది. అది చూసి నేను నవ్వి ఊరుకున్నాను.

కోతకి రోజుల్లోకి వచ్చాక తుఫాను పట్టుకుంది. మూడు రోజులు వాన. పోటు ఉండడంతో మురుగు కాలవ సముద్రంలోకి దిగలేదు, వెనక్కి తన్నింది. పదిరోజుల దాకా నీరు తియ్యలేదు. దారి తెరుచుకున్నాక ఫీల్డుమాన్‌నీ నన్నూ ఎవరో ట్రాక్టరు మీద చేను దాకా దింపారు.

పైరు నేలకి అతుక్కుపోయి ఉంది. ఒక వెన్ను చేతిలోకి తీసుకుంటే గింజలన్నీ మొలకెత్తి తెల్లటి వేళ్ళు వచ్చేశాయి. కుళ్ళు వాసన. మురుగు మూలనున్న మీసాలవాటి మడి దగ్గరికి ఆశగా వెళ్ళాను. అదీ అంతే, పొడుగ్గా పెరిగినవి పొడుగ్గానే పడిపోయాయి. ఏరినవీ పోయాయి, ఏరగా మిగిలినవీ పోయాయి. కలిపి వేసిన చేను ఒక్క సెంటు ఉన్నా పోల్చి చూద్దును. అది లేకుండా చేసింది నేనే.

"ఇదివరకు ఇంత నీరొచ్చినప్పుడు ఏం మిగిలేదండి?" అని అడిగాను ఆయన్ని.

"సగం మిగిలేదండి. ఒక్కోసారి ఇంకాస్త తక్కువ. విత్తనానికి మాత్రం ఎప్పుడూ లోటు రాలేదు."

"అయితే నేను ఏరించడం వల్లే పోయిందంటారా?"

ఆయన వంగి, పడిపోయిన వెన్నొకటి తీసి చూశాడు. "అలా ఎలా అంటామండి. ఈసారి నీరు కూడా ఎక్కువ రోజులు నిలబడింది కదండి. పొడుగువి ఉంటే పొట్టివి వాటిని పట్టుకుని నిలబడేవేమో. నిలబడేవి కాదేమో. ఏమోనండి."

తిట్టినా బాగుండేది. ఆయన "ఏమోనండి" అన్న మాట నాకు గుచ్చుకుని ఇప్పటికీ బయటికి రాలేదు. పొట్టివి బరువుకి వాలిపోతే పొడుగువి ఆనుకోనిచ్చేవా, పొడుగువి గాలికి ఊగిపోతే పొట్టివి వాటి మొదళ్ళు కదలకుండా పట్టేవా, లేక ఆ పదిరోజుల నీటికి ఏవైనా పోయేవేనా? ఎన్ని రాత్రులు కాగితం మీద బొమ్మలేసుకున్నా తేలలేదు. పెద్దసారుని అడిగితే, "ఒక్క ఏడాది చూసి ఏమీ చెప్పలేం" అన్నారు. నిజమే. కానీ వాళ్ళ తాత నాటినుంచీ చూసినదాన్ని నేను ఒక్క సాయంత్రంలో పీకించేశాను కదా.

తిట్టడానికి ఆవిడ ఉంది. వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, అప్పుడు మొదలుపెట్టింది. "నేను ఆ రోజే వద్దన్నానండి. మీరు వినలేదు. ఈయన నోరిప్పలేదు. పాత వడ్లు ఎప్పుడో తినేశాం. ఇప్పుడు సార్వాకి ఏం చల్లుకోమంటారు మమ్మల్ని?"

"మా దగ్గర మీ విత్తనం భద్రంగా ఉందండి. నేను తెచ్చిస్తాను," అన్నాను.

"అది మీ వడ్లండి. మా వడ్లు కాదు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి తలెత్తి పైకి చూశాను. వసారా దూలానికి వరి కుచ్చు వేలాడుతోంది. ఆ వైపు ఇళ్ళలో కోతకి ముందు చేలోంచి మొదటి వెన్నులు తెచ్చి, జడలా అల్లి, పిచ్చుకల కోసం గుమ్మం ముందు కడతారు. ఇది కిందటేడాదిది. దుమ్ము పట్టి, సగం గింజలు పిట్టలు తినేసి ఉంది. మామూలు వెన్నుల మధ్య ఎర్రటి మీసాలు కనిపించాయి.

"ఇది ఎప్పుడు కట్టారండి?" అని అడిగాను.

"మీరు చేలో దిగక ముందురోజే కోశానండి."

ఆవిడకి నేను ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. కుర్చీ వేసుకుని తనే ఎక్కి ఆ కుచ్చు దింపింది. దాన్ని దింపుతుంటే పిచ్చుక ఒకటి దూలం మీద కూర్చుని అరుస్తూనే ఉంది.

ఏడాది గాలికీ తేమకీ ఆరుబయట ఉన్న గింజలు. మొలుస్తాయన్న నమ్మకం నాకు లేదు. మా ఫీల్డుమాన్ వాటిని తడిగోనెలో చుట్టి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాడు. పావు వంతు మొలిచాయి, అందులో మీసాలవీ ఉన్నాయి. దాళ్వాకి, అంటే ఆ తర్వాతి రెండో పంటకి, వాళ్ళ పెరట్లో కుళాయి పక్కన మడికట్టి వేశారు. రెండు కుంచాల వడ్లు వచ్చాయి. వాటి మధ్య ఏడుకి ఒకటి లెక్క ఉందో లేదో నాకు తెలియదు. మునుపైతే లెక్కపెట్టేదాన్ని.

ఒక కుంచం వాళ్ళుంచుకున్నారు. రెండోది ఆవిడ నా సంచిలో పోసింది. నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు.

"ఒక్క మాటండి. ఏరకండి," అంది.

"ఏరను," అన్నాను.

కేంద్రంలో పెద్దసారు ఆ వడ్లు చూసి తల పట్టుకున్నారు. "ఇది శాంపిలా, కలగూరగంపా? ఇంతకంటే శుద్ధమైంది మనం పెట్టాం కదా?"

"పెట్టాం సార్. ఇది కూడా పెడదాం."

"కారణం?"

"రాయలేను సార్."

ఇన్నేళ్ళలో నేను కారణం లేకుండా ఆయన టేబులు ముందు నిలబడ్డది లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పేరు గడిలో పర్ర వడ్లు అని తనే రాశారు. నేను ఒక చీటీ మీద "శుభ్రం చేయరాదు" అని రాసి సంచిలో వేశాను. చీటీలో కారణం అన్నచోట ఖాళీగా వదిలేశాను.

తర్వాత రెండు సార్వాలు వాళ్ళు పాత పద్ధతిలోనే పండించుకున్నారు. ఆ రెండేళ్ళూ పెద్ద నీళ్ళు రాలేదు. చూశారా, రాకూడనప్పుడు వచ్చిన నీరు, నాకు కావలసినప్పుడు రాలేదు. ఈలోగా చుట్టుపక్కల చేలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. ఉప్పు గట్లు దాటి ఊరింది. చివరికి వాళ్ళు కూడా చేను చెరువుకి ఇచ్చేశారు. నేను రిటైరయ్యే ముందు చూడ్డానికి వెళితే వసారాలో కుచ్చు లేదు. "పిచ్చుకలు కూడా రావట్లేదండి," అంది ఆవిడ. "మీ దగ్గరున్నాయి కదండి, చాలు." ఆ మాటతో నాకు భయం పట్టుకుంది. అంటే ఇక అవి ఉన్నది మా చల్లటి గదిలోని ఆ ఒక్క సంచిలోనే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కిందటి నెల ఒక ఫోనొచ్చింది. మా కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి. నిధిలో పెట్టిన విత్తనాన్ని కొన్నేళ్ళకోసారి తీసి మొలక శాతం చూస్తారు, ఆ పని ఈ పిల్లకి పడింది.

"మేడం, మీ పేరు మీదున్న శాంపిలు ఒకటి చూశాను. చాలా బెరకులున్నాయి మేడం. పొద్దుట్నుంచీ కూర్చుని మొత్తం ఏరేశాను. ఫొటో పంపాను, చూడండి."

చూశాను. తెల్లటి ట్రేలో రెండు కుప్పలు. ఒకవైపు నున్నటి గింజలు, ఇంకోవైపు మీసాలవి. ఇటుది అటు ఒక్క గింజ లేదు. ఇంత బాగా ఏరడం నా వల్ల కూడా అయ్యేది కాదు. తను ఏ మాట వినాలని ఆ ఫోను చేసిందో నాకు బాగా తెలుసు. ఆ వయసులో నేనూ దానికోసమే ఎదురుచూసేదాన్ని.

"బాగా ఏరావమ్మా," అన్నాను.

"థాంక్యూ మేడం. కానీ అడుగున ఒక చీటీ ఉంది. ఏరడం అయ్యాక కనిపించింది. శుభ్రం చేయరాదు అని మీ చేతిరాతే. ఎందుకు మేడం?"

ఎందుకని చెప్పను? కలిపితే నిలబడతాయని నిరూపించలేదు. విడదీస్తే పోతాయని కూడా నిరూపించలేదు. ఒక ముసలాయన ఏమో అన్నాడు, ఒక ఆవిడ ఏరొద్దంది.

"ఏరినవి ఎక్కడున్నాయి?" అని అడిగాను.

"టేబుల్ మీదే ఉన్నాయి మేడం. సాయంత్రం ఊడ్చేటప్పుడు తీసేస్తారు."

"గదికి తాళం వేసి అక్కడే కూర్చో తల్లీ. ఎవర్నీ రానివ్వకు. నేను బస్సెక్కుతున్నాను."

గోదావరి దాటి, బస్సు మారి, నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆ పిల్ల నిజంగానే తలుపేసుకుని కూర్చుని ఉంది. తప్పు చేశానేమోనని మొహం చిన్నబోయి ఉంది. నేను చెప్పులు విప్పి లోపలికెళ్ళి, ట్రేలోని రెండు కుప్పల్నీ నా రెండు చేతులతో కలిపేశాను. బాగా కలిసేదాకా కలిపాను. ఆ పిల్ల ఆపలేదు, పొద్దుట్నుంచీ పడ్డ కష్టం కళ్ళముందే పోతుంటే చూస్తూ నిలబడింది. నాకు మా ఫీల్డుమాన్ గుర్తొచ్చాడు.

సంచి మూతి కట్టే ముందు ఆ పిల్ల చీటీ నా ముందు పెట్టింది. "ఇక్కడ ఖాళీ ఉంచితే నా తర్వాత వచ్చేవాళ్ళు మళ్ళీ ఏరేస్తారు మేడం. కారణం ఏం రాయమంటారు?"

"తెలియదు అని రాయి," అన్నాను.

రాసింది. రిటైరైనదాని సంతకం చెల్లదని తెలిసి కూడా, దాని కింద నేను సంతకం పెట్టాను. ఈసారి చీటీని అడుగున వెయ్యనివ్వలేదు. వడ్ల మీద, పైనే పెట్టించాను.